తోడికోడళ్ల సంచుల యూనిట్‌కు ఏ రిజిస్ట్రేషన్: ట్రస్టా, సొసైటీనా, సెక్షన్ 8నా, ప్రైవేట్ లిమిటెడా?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు చెప్తాను, ఎక్కడైనా తప్పుంటే సరిదిద్దండి. వారాసిగూడలో మీ మామగారి ఇంటి కింది పోర్షన్‌లో మీరూ మీ తోడికోడలూ కలిసి బట్ట సంచులు కుట్టిస్తున్నారు. పెళ్లిళ్లకు తాంబూలం సంచులు, ఆఫీసులకు మీటింగ్ సంచులు. 14 మంది ఆడవాళ్లు పనిచేస్తున్నారు, అందరూ చుట్టుపక్కల బస్తీల వాళ్లే. పోయినేడాది అమ్మకాలు 32 లక్షలు. లెక్కలన్నీ ఇప్పటిదాకా మీ ఒక్కరి పేరు మీదే నడిచాయి. ఇప్పుడు మాదాపూర్‌లో ఒక ఐటీ కంపెనీ వాళ్లు 60 మందికి కుట్టు నేర్పడానికి సీఎస్ఆర్ (కంపెనీలు సమాజ సేవకు పెట్టే ఖర్చు) కింద 12 లక్షలు ఇస్తామంటున్నారు. డాలస్‌లో ఉన్న మీ తమ్ముడు 10 లక్షలు పెడతానంటున్నాడు. మిషన్లు పెంచడానికి బ్యాంకు లోను కూడా కావాలి. సీఏ గారు సెక్షన్ 8 (లాభం పంచుకోకుండా సేవకే వాడే కంపెనీ) అన్నారు, మామగారు ట్రస్టు చాలన్నారు, ఇంకెవరో సొసైటీ అయితే చవకన్నారు. దేనికి వెళ్లాలని మీ సందేహం.

నా మాట: ప్రైవేట్ లిమిటెడ్ పెట్టండి. ఎందుకో చెప్పడానికే ఇంత పొడుగు రాస్తున్నాను. నేను సీఏనీ కాదు, లాయర్నీ కాదు. ఇరవై ఏళ్లకు పైగా ఇలాంటి సంస్థల చుట్టూ తిరిగినవాణ్ణి. మొదట ఒకటి నేనే పెట్టి దెబ్బ తిన్నాను, ఆ తర్వాత పెట్టుకునేవాళ్ల పక్కన కూర్చుంటూ వచ్చాను.

మీలా సేవ కోసం వ్యాపారం చేసే సంస్థను సోషల్ ఎంటర్‌ప్రైజ్ అంటారు, కానీ ఆ పేరుతో మన దేశంలో విడిగా రిజిస్ట్రేషన్ ఏమీ లేదు. సేవా సంస్థలు నిధులు సేకరించుకునే సోషల్ స్టాక్ ఎక్స్ఛేంజి కోసం 2022లో స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ పెట్టిన నిబంధనల్లో ఆ మాట ఉంది, అందులోనూ లాభం తీసుకునే కంపెనీలకు చోటిచ్చారు. కాబట్టి ప్రైవేట్ లిమిటెడ్ పెడితే సేవ మానేసి వ్యాపారంలో పడ్డట్టే అన్న బెంగ వద్దు. చూసుకోవాల్సినవి మూడే. డబ్బు ఎవరి దగ్గర్నుంచి వస్తుంది? ఖర్చులు పోగా మిగిలింది ఎవరిది? మీ ఇద్దరికీ మాట కుదరని రోజున చివరి మాట ఎవరిది? ఈ మూడో ప్రశ్న అడిగితే అందరూ నవ్వేసి ఊరుకుంటారు. నేనూ ఒకప్పుడు నవ్వాను.

డబ్బు సంగతి ముందు చూద్దాం. సీఏ గారు సెక్షన్ 8 అనడానికి కారణం ఆ సీఎస్ఆర్ 12 లక్షలే అయ్యుంటుంది. కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సీఎస్ఆర్‌కు ఖర్చు పెట్టాలి. ఆ పని బయటి సంస్థతో చేయించేటప్పుడు దానికి 12ఏ (సంస్థకు పన్ను మినహాయింపు), 80జీ (దాతలకు పన్ను రాయితీ) రిజిస్ట్రేషన్లు రెండూ ఉండాలి, సీఎస్ఆర్-1 ఫారం వేసి నంబరు తెచ్చుకుని ఉండాలి, అలాంటి పనుల్లో కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలి. ఈ మూడేళ్ల మాట దగ్గరే కథ మారిపోతుంది. మీరు వచ్చే నెలలో సెక్షన్ 8 కంపెనీ పెట్టినా దాని వయసు నెల రోజులే కదా. అంటే ఏ డబ్బు కోసం ఆ రూపం ఎంచుకుంటున్నారో ఆ డబ్బు ఈ ఏడాది ఎలాగూ రాదు.

అలాగని 12 లక్షలు వదులుకోనక్కర్లేదు. సీఎస్ఆర్ పనిని కంపెనీ స్వయంగా కూడా చేయొచ్చు. అప్పుడు శిక్షణ ఇచ్చే సంస్థగా మీరు బిల్లు వేస్తారు, వాళ్లు చెల్లిస్తారు. లేదంటే సీఎస్ఆర్-1 నంబరున్న పాత స్వచ్ఛంద సంస్థతో కలవండి. గ్రాంటు వాళ్ల ఖాతాకు వస్తుంది, మీరు మిషన్లు, టీచర్లు, స్థలం సమకూరుస్తారు. సికింద్రాబాద్ చుట్టుపక్కల కుట్టు కేంద్రాలు నడిపిన సంస్థలు చాలానే ఉన్నాయి, వాళ్లకూ మీలాంటి మార్కెట్ ఉన్నవాళ్లు కావాలి. సీఎస్ఆర్ వాళ్లను మొదటి మీటింగులోనే అడగండి, వీటిలో మీకు ఏది వీలని. సగం టెన్షన్ అక్కడే తీరుతుంది.

ఇక పన్ను. "ట్రస్టు పెడితే పన్ను ఉండదు" అన్న ఒక్క మాట నమ్మి ఈ ఊళ్లో ఎంతమంది ఇరుక్కున్నారో! మీ లెక్కే తీసుకుందాం. బట్ట, దారం, జిప్పులు, కూలి, అద్దె, కరెంటు, మీ ఇద్దరి జీతం అన్నీ పోయాక ఏడాదికి 3 లక్షలు మిగిలిందనుకోండి. తక్కువ రేటు ఎంచుకున్న ప్రైవేట్ కంపెనీకి సర్‌చార్జి, సెస్సు కలిపి పన్ను 25.17 శాతం, అంటే సుమారు 75,500 రూపాయలు. ఆడవాళ్లకిచ్చే కూలి ఎలాగూ ఖర్చే కాబట్టి దాని మీద పన్ను లేదు. కూలి పెంచితే పన్ను ఇంకా తగ్గుతుంది. ఆ 75 వేలు తప్పించుకోవడానికి మీరు తలకెత్తుకునే బరువు ఎంతో చూడండి.

ట్రస్టుకైనా, సొసైటీకైనా, సెక్షన్ 8కైనా పన్ను మినహాయింపు కావాలంటే వచ్చిన ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే ఆశయాల మీద ఖర్చవ్వాలి. వ్యాపారం ఉంటే దాని లెక్కలు వేరే పుస్తకాల్లో రాయాలి. మీ పనిని ఆదాయ పన్ను శాఖ ఏ గంపలో వేస్తుందన్నది ఇంకో తలనొప్పి. పేదలకు సహాయం, విద్య, వైద్యం లాంటివి ఒక గంప. వాటిలో ఇమడనివన్నీ 'సాధారణ ప్రజా ప్రయోజనం' అనే రెండో గంపలోకి వెళ్తాయి. అక్కడ పడితే వ్యాపార ఆదాయం మొత్తం రాబడిలో 20 శాతం దాటకూడదు. 2022 అక్టోబర్ 19న సుప్రీంకోర్టు అహ్మదాబాద్ అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో ఈ హద్దును గట్టిగానే బిగించింది. మీకు అమ్మకాలు 32 లక్షలు, గ్రాంటు 12 లక్షలు అనుకుంటే మొత్తం 44. అందులో 20 శాతం అంటే 8 లక్షల 80 వేలు. మీ సంచుల అమ్మకం దానికి మూడు రెట్ల పైమాటే. బస్తీ ఆడవాళ్లకు ఉపాధి ఇవ్వడం పేదలకు సహాయమేనని వాదించొచ్చు, వాదించి గెలిచినవాళ్లూ ఉంటారు. కానీ ఆ వాదన కోసం బషీర్‌బాగ్ ఆయకర్ భవన్ మెట్లెక్కేది మీరే, ఆ రోజున యూనిట్‌లో కటింగ్ చూసేవాళ్లు ఉండరు.

ఒక మాట గుర్తుంచుకోండి. 2025 నాటి కొత్త ఆదాయ పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, సెక్షన్ల నంబర్లన్నీ మారాయి. మనవాళ్ల నోట మాత్రం ఇంకా 12ఏ, 80జీ అనే వస్తుంది, నేనూ అలాగే రాస్తున్నాను. దరఖాస్తు వేసేటప్పుడు కొత్త నంబర్లు సీఏ గారే చూసుకుంటారు.

మీ మామగారి ఇంటి అద్దె సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ట్రస్టులో మీరు ట్రస్టీ అయితే మామగారు మీ బంధువు. ఆయనకిచ్చే అద్దె మార్కెట్ కంటే ఎక్కువైనా, మీ ఇద్దరి జీతాలు పనికి మించి ఉన్నట్టు కనిపించినా, సంస్థ డబ్బు సొంతవాళ్లకు మళ్లించారంటారు. మినహాయింపుకే ముప్పు. ప్రైవేట్ కంపెనీలో ఒక అద్దె ఒప్పందం, ఒక బోర్డు తీర్మానం, చెక్కుతో చెల్లింపు ఉంటే సరిపోతుంది.

ఇప్పుడు సొసైటీ. ఇది నా సొంత గాయం కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తాను.

2003లో నేనూ కొందరు మిత్రులూ కలిసి పిల్లలకు సాయంత్రం ట్యూషన్ కేంద్రాలు పెట్టాం. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టర్ చేయించాం. (అంతకుముందు మన తెలంగాణ ప్రాంతంలో నిజాం కాలపు 1350 ఫసలీ చట్టం ఉండేది. పాత సంఘాల సర్టిఫికెట్ల మీద ఆ ఫసలీ సంవత్సరం చూస్తే నాకిప్పటికీ ముచ్చటేస్తుంది.) కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. పని చేసేది నలుగురమే. సంఖ్య నింపడానికి మా బావమరిదిని, పక్క ఫ్లాటాయన్ని, నా పాత స్నేహితుణ్ణి ఒకణ్ణి వేసుకున్నాం. స్నేహితుడికి లెక్కలు బాగా వచ్చు కదా అని కోశాధికారిని చేశాం. బ్యాంకులో అధ్యక్షుడు, కోశాధికారి ఇద్దరి సంతకాలు ఉండాలని రాయించాం.

ఆరేళ్లు బాగానే గడిచింది. తర్వాత ఒక కేంద్రం మూసేయాలా వద్దా అన్న దగ్గర అతనికీ మాకూ మాటా మాటా పెరిగింది. మీటింగ్ పెట్టి కొత్త కమిటీని ఎన్నుకున్నాం. మినిట్స్ పుస్తకంలో ఆరు సంతకాలు, ఏడోది ఖాళీ. అతను తిన్నగా బ్యాంకుకు వెళ్లి, కొత్త కమిటీ చెల్లదు, డబ్బు ఇవ్వొద్దని ఉత్తరం ఇచ్చాడు. బ్యాంకు ఖాతా ఆపేసి, రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి కమిటీ జాబితా నకలు తెమ్మంది. తీరా వెళ్తే అక్కడి రికార్డులో ఉన్నది మూడేళ్ల కిందటి జాబితా. ఏటా దాఖలు చేయాల్సింది మేము బద్ధకించి వదిలేశాం. ఆ కాగితం ప్రకారం కోశాధికారి ఇంకా అతనే. రిజిస్ట్రార్ ఆఫీసులో ఈ తగువు తీర్చే అధికారం మాకు లేదన్నారు. చట్టం చెప్పేది కూడా అదే, యాజమాన్య తగువులకు మధ్యవర్తి దగ్గరికో జిల్లా కోర్టుకో పోవాలి. నాలుగు నెలలు తొమ్మిదిమంది టీచర్లకు జీతాల్లేవు. మా ఇంటావిడ గాజులు తాకట్టుకు వెళ్లాయి. కోర్టు దాకా పోకుండానే తేలిందనుకోండి. అతని కూతురి పెళ్లికి వెళ్లాను, భోజనాల దగ్గర అతనే నా విస్తట్లో గారె వేశాడు. సోమవారం బ్యాంకుకు వచ్చి సంతకం పెట్టాడు. అన్ని తగువులూ గారెతో తీరవు.

కాబట్టి సొసైటీ చవక అన్నవాళ్లతో చెప్పండి, రిజిస్ట్రేషన్ రోజు వరకు చవకే. ఏడుగురు నిజంగా పనిచేసేవాళ్లుంటే, ఓట్లేసి కమిటీని మార్చుకునే అలవాటుంటే మంచి రూపమే. మీరు ఇద్దరే. మిగతా ఐదుగురిని మీ చుట్టాల్లోంచి తెస్తారు, ఆ ఐదుగురికీ చట్టం దృష్టిలో మీతో సమానంగా ఓటుంటుంది.

ట్రస్టు గురించి రెండు ముక్కలు. సబ్ రిజిస్ట్రార్ దగ్గర డీడ్ రిజిస్టర్ చేస్తే అయిపోతుంది, అందుకే మామగారికి నచ్చి ఉంటుంది. కానీ ట్రస్టులో వాటాలుండవు, మీ తమ్ముడికి మీరు ఇవ్వగలిగేది రసీదు మాత్రమే. లోను మాటెత్తితే బ్యాంకు మేనేజరు ముఖం మారిపోతుంది. పైగా ధార్మిక సంస్థలకు మన దగ్గర 1987 నాటి ఎండోమెంట్స్ చట్టం కూడా ఉందని చాలామంది మర్చిపోతారు. 2022లో విద్యాసంస్థల కేసులో సుప్రీంకోర్టు, రాష్ట్ర చట్టం కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరైన చోట పన్ను మినహాయింపుకు అది కూడా ఉండాలని చెప్పింది. తరతరాలుగా ఒక ఆస్తిని బడికో ఆసుపత్రికో అంకితం చేసేవాళ్లకు ట్రస్టు సరైనది. సంచులకు కాదు.

సెక్షన్ 8 మీద నాకు గౌరవముంది. ఇద్దరు డైరెక్టర్లు చాలు, కనీస పెట్టుబడి లేదు, లెక్కలు బాహాటంగా ఉంటాయి కాబట్టి దాతలు నమ్ముతారు. డైరెక్టర్లు న్యాయమైన జీతం తీసుకోవచ్చు. కానీ డివిడెండ్ ఎప్పటికీ లేదు. మూసేస్తే మిగిలిన ఆస్తి అలాంటి ఆశయమున్న ఇంకో సెక్షన్ 8 కంపెనీకి పోవాలి, మీ ఇంటికి రాదు. మీరు పుట్టింటివాళ్ల దగ్గర అప్పు తెచ్చి కొన్న ఆరు జూకీ మిషన్లు దాని పేరు మీద పెడితే ఇక అవి మీవి కావు. దాన్ని మళ్లీ మామూలు కంపెనీగా మార్చుకోవాలంటే కేంద్ర కంపెనీల శాఖ రీజనల్ డైరెక్టర్ అనుమతి కావాలి. పన్ను మినహాయింపు తీసుకున్న సంస్థ ఆ దారి నుంచి తప్పుకుంటే, ఆ రోజు ఆస్తుల మార్కెట్ విలువలోంచి అప్పులు తీసేసి మిగిలిన దాని మీద గరిష్ఠ రేటులో పన్ను కట్టాలి. 2016 నుంచీ ఉన్న నిబంధన ఇది. లోపలికి తలుపు వెడల్పుగా ఉంటుంది, బయటికి కిటికీ కూడా ఉండదు. ప్రైవేట్ లిమిటెడ్ నుంచి సేవా సంస్థ వైపు తర్వాత ఎప్పుడైనా రావచ్చు.

మిగులు ఎవరిది అన్న రెండో ప్రశ్నకు మన హైదరాబాద్‌లోనే జరిగిన పెద్ద ఉదాహరణ, పేద ఆడవాళ్లకు చిన్న అప్పులిచ్చిన స్వయం కృషి సంగం. 1990ల చివర్లో లాభాపేక్ష లేని సంస్థగా మొదలై, ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ అనే కంపెనీగా మారి, 2010లో స్టాక్ మార్కెట్‌కు వెళ్లింది. అదే ఏడాది అక్టోబర్‌లో ఉమ్మడి రాష్ట్రం మైక్రోఫైనాన్స్ మీద ఆర్డినెన్స్ తెచ్చింది. పేద ఆడవాళ్ల పేరు మీద పెరిగిన సంస్థలో మిగులు ఎవరికి చెందాలన్న చర్చ అప్పుడు ఊరూరా నడిచింది. మీది పిచ్చుకంత. అయినా ఆ ప్రశ్నకు జవాబు కాగితం మీద మొదటి రోజే ఉండాలి. అదెలాగో కింద చెప్తాను.

మీ తమ్ముడి డబ్బు. ముందు అతని పాస్‌పోర్ట్ ఏ దేశానిదో అడగండి. ఇంకా భారత పౌరుడే అయితే, బ్యాంకు ద్వారా పంపిన సొంత సంపాదన విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నా సరే, అతనిచ్చే విరాళం విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్‌ఏ కిందికి వస్తుంది. ఆ రిజిస్ట్రేషన్‌కు మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో అసలు పనుల మీద కనీసం 15 లక్షల ఖర్చు చూపించాలి. కొత్త ట్రస్టుకు అది కలలో మాట. అదే ప్రైవేట్ లిమిటెడ్‌లో షేర్లు తీసుకుంటే ఇంత గొడవ లేదు. డబ్బు మళ్లీ అమెరికా పట్టుకుపోను అనే పద్ధతిలో పెడితే ఎన్ఆర్ఐ అయినా ఓసీఐ అయినా దేశంలోని పెట్టుబడితో సమానంగా చూస్తారు. పట్టుకుపోతానంటే షేర్లు ఇచ్చిన 30 రోజుల్లో రిజర్వ్ బ్యాంకుకు ఎఫ్‌సీ-జీపీఆర్ అనే ఫారం వేయాలి. ఏ పద్ధతో అతన్ని ముందే తేల్చుకోమనండి, డబ్బు ఖాతాలో పడ్డాక ఆలోచిస్తే ఆలస్యం.

ఎల్ఎల్‌పీ (పరిమిత బాధ్యత ఉన్న భాగస్వామ్య సంస్థ) ఎందుకు కాదని అడుగుతారు. చెడ్డది కాదు, టర్నోవర్ 40 లక్షలో పెట్టుబడి 25 లక్షలో దాటేదాకా ఆడిట్ కూడా తప్పనిసరి కాదు. మీరు ఈ ఏడే 40 దాటేలా ఉన్నారు, పైగా తమ్ముడికి వాటా ఇవ్వాలి. అందుకే దాన్ని పక్కన పెట్టాను.

నిజం చెప్పాలంటే నా మనసు లాగేది ఇంకో రూపం వైపు. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, అందరూ మ్యాక్స్ అంటారే అది. ప్రభుత్వ వాటా ధనం ఉండదు, ఒక మనిషికి ఒక ఓటు. వీలైతే ఒకసారి హనుమకొండ జిల్లా ముల్కనూరు వెళ్లి మహిళల పాల డెయిరీ చూసి రండి, యజమానులు పాలు పోసే ఆడవాళ్లే. మీ 14 మంది నిజంగా యజమానులు కావాలనుకుంటే దారి ఇదే. కానీ వాళ్లనడిగారా? "అక్కా, మాకు వారం వారం కూలి ఠంచనుగా రావాలె, మీటింగులు మీరే చూస్కోండి" అంటే ఆ మాటకూ విలువివ్వాలి. ఓట్లు పెట్టాక మీరు ఇద్దరూ పదహారు ఓట్లలో రెండు ఓట్లే, దానికి మీరు సిద్ధమేనా అన్నది ఇంకో ప్రశ్న. ఇప్పుడే వద్దు, మూడేళ్ల తర్వాత మళ్లీ అడగండి.

సరే, ప్రైవేట్ లిమిటెడ్ ఎలా పెట్టాలి? అది మీ సీఏ చేస్తారు. ఆర్టికల్స్, అంటే కంపెనీ లోపలి నియమావళి, మాత్రం ఆయన కంప్యూటర్‌లో ఉన్న నమూనా దించేయనివ్వకండి. ఆశయాల క్లాజు కూడా అంతే. ఒకసారి అప్పడాలు చేసే సంస్థ కాగితాల్లో గోశాల, యోగా, గ్రంథాలయం, అనాథ శరణాలయం దాకా 32 ఆశయాలు చూశాను, అప్పడం మాత్రం లేదు.

ఆర్టికల్స్‌లో మూడు విషయాలు మీ మాటల్లో రాయించండి. పన్ను పోగా మిగిలిన లాభంలో ఇంత శాతం కుట్టేవాళ్ల బోనస్‌కు, శిక్షణకు పోతుందని. నేనైతే 40 రాయమంటాను, 100 రాస్తే మిషన్ పాడైనప్పుడు చేతిలో ఏమీ ఉండదు. కంపెనీల చట్టం 5వ సెక్షన్‌లో ఒక వెసులుబాటు ఉంది, ఫలానా క్లాజును మామూలు ప్రత్యేక తీర్మానంతో మార్చడానికి వీల్లేకుండా, వాటాదారులందరూ ఒప్పుకుంటేనే మార్చేలా బిగించొచ్చు. ఆ 40 శాతం మాటను అలా బిగించండి. రేపు తమ్ముడైనా ఇంకో పెట్టుబడిదారైనా దాన్ని తీసేయలేరు.

రెండోది, మీ ఇద్దరిలో ఒకరు తప్పుకుంటే షేర్ల ధర ఎలా కట్టాలి, ఎన్ని వాయిదాల్లో ఇవ్వాలి. మూడోది, సమాన వాటాలున్న ఇద్దరు డైరెక్టర్లకు మాట కలవకపోతే ఏం చేయాలి. కుటుంబం బయటి మనిషిని ఒకరిని మూడో డైరెక్టర్‌గా పెట్టుకోండి, మీ దగ్గర బట్ట కొనే మనిషి కాకుండా, మీకు అప్పిచ్చిన మనిషి కాకుండా. తోడికోడళ్ల మధ్య ఇప్పుడు ఎంత బాగున్నా ఇది రాయించండి. ఇంట్లో పండక్కి పట్టుచీర దగ్గర వచ్చిన మాటపట్టింపు బ్యాంకు సంతకం దాకా రాకూడదు కదమ్మా.

ఖర్చు ఉంటుంది. ఆడిట్‌కు, ఫైలింగ్‌లకు కలిపి ఏటా ఒక ఇరవై ముప్పై వేలు పక్కన పెట్టండి. వార్షిక ఫారాలు ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయలు, దానికి పైపరిమితి లేదు. ఏడాది మర్చిపోతే రెండు ఫారాలకు 73 వేలు. క్యాలెండర్‌లో రాసి గోడకు తగిలించండి.

మీరు అడగలేదు కానీ వీటన్నిటికంటే ముందు చూడాల్సింది జీఎస్టీ. 32 లక్షల అమ్మకాలన్నారు, నంబరు ఉన్నట్టు ఎక్కడా రాయలేదు. చాలా రాష్ట్రాల్లో వస్తువులు అమ్మేవాళ్లకు పరిమితి 40 లక్షలు, మన తెలంగాణలో 20 లక్షలే. నంబరు లేకపోతే రేపే సీఏ దగ్గర కూర్చుని పాత ఏడాది సంగతి తేల్చుకోండి, ఆ బకాయి మీ పేరు మీదే ఉంటుంది, కొత్త కంపెనీ మీద కాదు. పదిమంది దాటారు కాబట్టి ఈఎస్ఐ కూడా అడగండి. కంపెనీ రిజిస్ట్రేషన్‌తో పాటే ఈఎస్ఐ, పీఎఫ్ నంబర్లు వచ్చేస్తాయి. నంబరు రావడం వేరు, కట్టడం మొదలవడం వేరు, కంగారు పడకండి.

పేరు విషయం చివరికి మిగిలింది. 'ఫౌండేషన్' అని పెట్టాలని ఉందన్నారు. ఫౌండేషన్, ఫోరం, అసోసియేషన్ లాంటి మాటలు సెక్షన్ 8 వాళ్లవి, మీకు ఇవ్వరు. దరఖాస్తులో రెండు పేర్లు రాసే వీలుంటుంది. ఒకటి మీరు రాయండి, రెండోది మీ తోడికోడల్ని రాయమనండి.